కుడి పక్కన రెండు స్పీకర్లు

వాణికి ఎడమ చెవి పోయిన సంగతి శక్తినగర్‌లో ఎవరికీ తెలియదు. చలికాలంలో జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ఒక ఉదయం లేచేసరికి ఆ వైపు అంతా మూసుకుపోయినట్టయింది. రాయచూరులో డాక్టరు పరీక్షలు చేయించి, నరం దెబ్బతింది, వినికిడి ఇక రాదన్నాడు. ఆమె తలూపి, బస్సెక్కి క్వార్టరుకు వచ్చేసింది.

గోరేబాళ అనే పల్లెలో వరి పండించే ఇంట్లో పుట్టింది. పెళ్లి నిలబడలేదు. విడిపోయాక థర్మల్ స్టేషన్ ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. ఇంటికి రాగానే టీవీ పెట్టడం అలవాటు. చూడటానికి కాదు, ఇంట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని. చెవి పోయాక ఆ మాటలూ అర్థం కాకుండా పోయాయి. ఆఫీసులో ఎడమ పక్క నుంచి పిలిస్తే పలికేది కాదు. పొగరనుకున్నారు. అనుకోనిచ్చింది.

మంచి స్పీకర్లుంటే మాట తేటగా వినిపిస్తుందేమోనన్న ఆశతో ఒక ఆదివారం రాయచూరు బజారులో రంగా అనే అతని స్పీకర్ల దుకాణానికి వెళ్లింది. అతను యాభై దాటిన మనిషి. ఆమె ఫోనులో తీసుకొచ్చిన టీవీ వెనక భాగం ఫొటో చూశాడు.

"హెచ్‌డీఎంఐ తీగతోని ఇస్తే టీవీకి, స్పీకర్లకు ఒక్క రిమోట్ సరిపోతుండె. మీ టీవీల ఆ సౌలత్ లేదు మేడం. ఈ ఎర్ర, తెల్ల పిన్నులు పెడితే రెండు దిక్కుల సౌండే వస్తది. ఇగో, ఈ సన్న తీగ ఆప్టికల్. ఇది పెడితే ఐదు స్పీకర్లకు దేని సౌండ్ దానికి పోతది. ఏది ఇయ్యమంటరు?"

"ఏది మంచిదైతే అది ఇవ్వండి."

స్పీకర్ల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి వాన పడే సీను పెట్టాడు.

"ఇప్పుడు వాన మీ ఎనక నుంచి వస్తది, వినుండ్రి."

వాన అంతా కుడి చెవిలోనే కురిసింది.

"వచ్చిందా?"

"వచ్చిందండీ."

రంగా క్వార్టరుకు వచ్చి వెనక స్పీకర్లకు గోడ పొడుగునా తీగ లాగి, అన్నీ బిగించి వెళ్లాడు. ఆ సాయంత్రం సినిమా పెట్టుకుంది. సంగీతం, బండ్ల మోత, జనం గోల కలిసి మీద పడ్డాయి. మాటలు వాటి కింద ఎక్కడో నలిగిపోయాయి. రిమోట్ పట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత కొన్ని వారాలు టీవీ జోలికే పోలేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో అప్పుడు తెలిసింది.

చివరికి రంగాకు ఫోను చేసింది. అతను వచ్చి కేబుల్ మార్చి చూశాడు, తేడా లేదు. ఎడమ స్పీకరు ఒక్కటే పెట్టి, "ఇది వస్తున్నదా?" అని అడిగాడు. వాణి రిమోట్ పక్కన పెట్టింది.

"ఆ చెవి వినబడదండీ."

రంగా స్పీకరు ఆపేశాడు.

"అట్లనా. ముందే చెప్తే గంత తీగ కోయకపోతుంటి."

"చెప్పాలనిపించలేదు."

"ఇంట్లోళ్లకు తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను గోడ మీది తీగ పీకి చుట్ట చుట్టాడు. ఆప్టికల్ తీసేసి ఎర్ర, తెల్ల పిన్నులు పెట్టాడు. రెండే స్పీకర్లు ఉంచి, రెంటినీ ఆమె కుర్చీకి కుడి పక్కన దగ్గర దగ్గరగా నిలబెట్టాడు.

"మాట ఏ దిక్కుదైనా ఈడికే వస్తది. వినుండ్రి."

తెర మీద ఇద్దరు ఆడవాళ్లు కూరగాయల ధర మీద పోట్లాడుకుంటున్నారు. ప్రతి మాటా వినిపించింది. వాణి టీ పెడతానంది. బస్సుకు టైమైందని రంగా వెళ్లిపోయాడు.

తలుపు వేసి, పొయ్యి మీద కూర పెట్టి వచ్చి కాసేపు విన్నది. తర్వాత టీవీ ఆపి, గోరేబాళలో ఉన్న అన్న కోటికి ఫోను చేసి చెవి సంగతి చెప్పింది. పండగలకు తప్ప మాట్లాడుకోని మనుషులు.

"ఎప్పటినుంచే?" అన్నాడు అన్న.

"చలికాలం నుంచి."

"ఇప్పుడా చెప్పేది?"

అవతల అతను గొంతు సవరించుకున్నాడు.

"ఫోను ఏ చెవి దగ్గర పెట్టుకున్నావ్?"

"కుడి చెవే అన్నయ్యా."

"సరే, అయితే విను."

కాలువకు నీళ్లు వదిలారనీ, నారు బాగా లేచిందనీ చెప్పాడు. వాణి అంతా విన్నది. అతను ఫోను పెట్టేశాక, పొయ్యి మీది కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తురాక రుచి చూడటానికి వంటింట్లోకి వెళ్లింది.