ఎదురుగాలిలో ఆరు సాళ్లు: మార్టూరు దగ్గర ఒక ఆటోఫోకస్ పరీక్ష

పోయిన ఏడాది నేను తీసిన పాలపిట్ట ఫొటోలన్నిటిలో కరెంటు తీగ బ్రహ్మాండంగా వచ్చింది, పిట్ట మాత్రం మసకగా ఉండేది. ఫొటోలు తీసే మిత్రులు నాకు ‘తీగల స్పెషలిస్టు’ అని పేరు కూడా పెట్టారు. అసలే నాకు రోషం ఎక్కువ. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పిల్లలకు కటకాల పాఠం చెప్పే మనిషి చేతిలో ఉన్న కటకాన్ని లొంగదీసుకోలేకపోతే పరువేం కాను? అందుకని డిసెంబరులో రెండో శనివారం, కెమెరా సెట్టింగులు ఒక్కొక్కటే మార్చి చూసుకోవడానికి మార్టూరు వైపు బయల్దేరాను. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. చివరిదాకా చదివాక బయల్దేరండి.

గుంటూరులో తెల్లవారుజామున ఐదింటికి ఒంగోలు బస్సు ఎక్కితే చిలకలూరిపేట మీదుగా ఆరున్నరకల్లా మార్టూరులో దిగొచ్చు. టికెట్ నూరు రూపాయలు దాటుతుంది. స్టాండు పక్కన టీ తాగి, పూటకి ఆరు వందలకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు అంజయ్యకి నా పని ఎంతకీ అర్థం కాలేదు. “పాలపిట్టల కోసం గుంటూరు నుంచి వచ్చారా సార్? తీగ మీద కదలకుండా కూర్చుంటదిగా, అప్పుడు తీసుకోరాదూ?” అన్నాడు. కూర్చుంటే మట్టిరంగు, రెక్క విప్పితేనే ఆ నీలం కనబడుతుందని చెప్పాను. “ఓహో” అని ఊరుకున్నాడు. రాళ్లు కోసే యూనిట్లు దాటి, తెల్లటి దుమ్ము తగ్గాక, ఏడుంపావుకి మిరపతోటల మధ్య ఆటో ఆపాడు. తీగ మీద మూడు పాలపిట్టలు ఉన్నాయి.

సెట్టింగుల సంగతి చెబుతాను. ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తప్పించి, వెనక బొటనవేలి కింద ఉండే బటన్‌కి ఇచ్చాను. కదిలేదాన్ని వదలకుండా వెంబడించే మోడ్ పెట్టి, పక్షి కన్నుని గుర్తుపట్టే సదుపాయం ఆన్ చేశాను. మిగిలింది అసలైనది. పిట్టకీ మనకీ మధ్య ఏదైనా అడ్డొస్తే ఫోకస్ ఎంత తొందరగా దాని మీదికి దూకాలి అన్నది. ఇది ఏ పుస్తకం చదివినా తేలదు, ఎగిరే పిట్ట మీదే చూసుకోవాలి. అంటే పిట్ట నా వైపు ఎగరాలి.

ఆ తోటలో ఏసోబు అనే కూలీ పురుగుమందు కొడుతున్నాడు. నలభై ఏళ్లుంటాయి. వీపున ట్యాంకు, మూతికి తువ్వాలు. పురుగులు లేవగానే పాలపిట్టలు తీగ మీద నుంచి అతని ముందుకి వాలుతున్నాయి. కానీ అతని పద్ధతి నాకు అడ్డమైంది. తూర్పుగాలి వీపున తగిలేలా పడమటికి ఒక సాలు కొట్టుకుంటూ పోతాడు. చివరన పంపు ఆపేసి, గట్టు మీదుగా ఖాళీగా నడిచి మొదటికొచ్చి, ఇంకో సాలు పడతాడు. ఎండ వీపున పెట్టుకుని తూర్పు గట్టున నేనున్నాను. పిట్టలన్నీ నాకు దూరంగా పోతున్నాయి.

“ఏసోబు గారూ, ఊరికే నడిచి రావడమెందుకు? వచ్చేటప్పుడు కూడా సాల్లో కొట్టుకుంటూ రాకూడదూ?” అని అడిగాను.

“ఎదురుగాలండీ. మందంతా మొహానికొస్తది.”

“రెండు సాళ్లేనండి. పిట్ట ఇటొస్తుంది.”

“సరే లెండి, అంతదూరం నుంచి వచ్చారు” అని తువ్వాలు బిగించుకున్నాడు.

మొదటి సాలుకి ఫోకస్ మందు తుంపర మీదికి దూకింది. ఆ తొందరని ఒక మెట్టు తగ్గించి, ఇంకో సాలు అన్నాను. రెండోసారి అతని చెయ్యి అడ్డొచ్చింది. మళ్లీ తగ్గించాను. నేను మెట్టు మార్చిన ప్రతిసారీ అతనొక సాలు నడిచాడు. రెండని చెప్పి ఆరు నడిపించాను. ఆరోసారి, అడ్డొచ్చినవి ఏవీ పట్టించుకోకుండా కెమెరా పిట్ట కన్నుని గట్టిగా పట్టుకుంది. నాకు ఒళ్లు పులకరించింది. గట్టు మీద కూర్చుని తెర మీద ఆ నీలం రెక్కలు చూసుకుంటూ, సిగ్గు లేకుండా, చాలాసేపు ఆనందపడ్డాను.

తలెత్తేసరికి తొమ్మిదింపావు. ఏసోబు సాలు మధ్యలో చతికిలబడి ఉన్నాడు. నోట్లోంచి నురగలాంటి చొంగ, ఒళ్లంతా చెమట, కాళ్లు అదురుతున్నాయి. పక్క తోటలో కాయ కోస్తున్న అతని భార్య కరుణమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

“ఎదురుగాలి కొట్టావా ఏంది?” అని అరిచింది.

“లేదే. ఎండకి” అన్నాడు ఏసోబు. నేను పక్కనే ఉన్నాను. నోరు మెదపలేదు.

అంజయ్య ఆటోలో మార్టూరు, అక్కడినుంచి అంబులెన్సులో ఒంగోలు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, “ఏం మందు కొట్టాడు? సీసా తెచ్చారా?” సీసాలు తేవాలని ఎవరికీ తోచలేదు. ఏవో రెండు కలిపాడని కరుణమ్మ చెప్పింది, పేర్లు తెలియవు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆ సీసాలు ఎదుటి గట్టు మీద ఉన్నాయి, నా ఫొటోల్లో పడి ఉంటాయి. కెమెరా తీసి ఒక్కొక్కటే పెద్దది చేసి చూపించాను. ప్రతి ఫొటోలో పిట్ట కంటిపాప సూదిమొనలా ఉంది. దాని వెనక సీసాలు ఎర్రటి మసక ముద్దలు. ఒక్క అక్షరం చదవడానికి లేదు.

“ఇవి పక్కన పెట్టండి” అంది డాక్టరమ్మ. లక్షణాలు చూసి వైద్యం మొదలుపెట్టారు. తోట ఆసామిని ఫోనులో పట్టుకుని పేర్లు రాబట్టేసరికి ముప్పావుగంట గడిచింది.

సాయంత్రం ఐసీయూ బయట బల్ల మీద కరుణమ్మ పక్కన కూర్చుని చెప్పేశాను. ఎదురుగాలి కొట్టమన్నది నేనే, రెండని ఆరు కొట్టించాను అని. తిడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

“అడిగితే కాదనటం ఆయనకి రాదండి. మీకు అడగటానికి నోరెట్టా వచ్చింది?” అంది.

ఏసోబు ఐదో రోజు పొద్దున పోయాడు. ఆ ముప్పావుగంట ముందు పేర్లు తెలిసుంటే బతికేవాడా అని డాక్టరమ్మని అడిగాను. చెప్పలేమంది. నాకు మాత్రం ఆ ప్రశ్న అవసరం లేదు. ఆ గాలి సంగతి అతనికి తెలుసు, నాకూ చెప్పాడు, విని కూడా నడిపించాను. ఆ ఫొటోలు ఇక్కడ పెట్టడం లేదు. పైన రాసిన సెట్టింగులు సరైనవే, పనిచేస్తాయి. వాటిని మీ మేడ మీద పావురాల మీద పరీక్షించుకోండి, ఆ పని నేనూ చేసి ఉండాల్సింది. పని చేసుకునే మనిషిని మీ ఫొటో కోసం ఒక్క అడుగు కూడా వేయమనకండి.

ప్రయాణానికి పనికొచ్చే సలహా ఒక్కటే. పొలాల్లో ఎవరైనా మందు తగిలి పడిపోతే, ఆసుపత్రికి బయల్దేరే ముందు గట్టు మీద ఉన్న సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి.