షోకేసులోని లక్క పెట్టె

దయ్యాల ఊసెత్తితే క్లాసులో పిల్లల్ని కసిరేదాన్ని. సూర్యాపేటలో ఫిజిక్స్ చెప్తాను. ఇది మిమ్మల్ని నమ్మించడానికి రాయడం లేదు, ఒళ్లు మండి రాస్తున్నాను.

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆపరేటర్. బియ్యం ఏరే మిషన్ బిగించడానికి జపాన్ నుంచి వచ్చిన ఇంజినీరుకు మూడు వారాలు తన క్యారియర్‌లోంచే పచ్చిపులుసన్నం పెట్టాడు. ఆయన వెళ్తూ నాన్నకు ఒక పెట్టె ఇచ్చాడు. బయట నల్లటి లక్క పూత, లోపల ఎరుపు, నాలుగు అరలు, పైన పిడి. వాళ్ల దేశంలో పూలు పూసే రోజుల్లో చెట్ల కింద తినడానికి అందులో అన్నం పట్టుకెళ్తారట.

మిల్లు సేటు దాన్ని చూశాడు. "గిది నీ ఇంట్ల ఏడ పెడ్తవ్ రా" అని పట్టుకుపోయి తన ఇంటి షోకేసులో పెట్టి తాళం వేశాడు. నాన్న నోరెత్తలేదు. అందుకు నాన్న మీదా నాకు కోపమే. ఏటా కార్తీక వనభోజనాలకు స్టీలు క్యారియర్ సర్దుతూ మాత్రం, "దాంట్ల ఒక్కపారి తినాలె బిడ్డా" అనేవాడు.

నిరుడు నాన్న పోయాడు. మూడోరోజు పిట్టకు పెట్టడానికి సాగర్ కాల్వ గట్టుకు వెళ్లాం. పోయినవాళ్లకు కోరిక మిగిలితే పిట్ట అన్నం ముట్టదంటారు. అమ్మ పచ్చిపులుసన్నం, కాల్చిన మిరపకాయలు విస్తరిలో పెట్టింది. మిరపకాయ కొరికి తొడిమలు వరసగా పేర్చడం నాన్న అలవాటు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. కాకులు చెట్టు దిగలేదు.

"ఆయన పాణం ఆ పెట్టె మీదనే ఉన్నది" అంది అమ్మ.

స్కూటీ తీసి నేరుగా సేటు ఇంటికి వెళ్లి, మా నాన్న పెట్టె ఇవ్వమన్నాను. "తాళం తీసి ఏండ్లాయె" అని సణుగుతూ సేటు షోకేసు తెరిచాడు. పెట్టె మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. మూత ఎత్తాను.

పై అర తడిగా ఉంది. అడుగున నాలుగు మెతుకులు, పచ్చిపులుసు వాసన. ఒక పక్కన కాల్చిన మిరప తొడిమలు మూడు, వరసగా.

"మా ఇంట్ల పచ్చిపులుసే చెయ్యం" అంది సేటు భార్య, గోడకు ఆనుకుని. పెట్టె తీసుకుని వచ్చేశాను.

ఎలుక పని అనుకుందామంటే మూత బిగుతుగా ఉంది. ఎవరైనా ఆట పట్టించారనుకుందామంటే, ఆ తొడిమల సంగతి సేటు ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా జరిగిందో ఇప్పటికీ చెప్పలేను.

కాకి మా అన్నం ఎందుకు ముట్టలేదో మాత్రం అర్థమైంది. నాన్న అప్పటికే తిన్నాడు. చచ్చాక కూడా ఆ ఇంటికే పోయి, ఆ తాళం వెనకే, చప్పుడు లేకుండా తిన్నాడు.

అప్పుడైనా ఆ పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి రావచ్చు కదా నాన్నా.