చెక్క మీద అమ్మ రాత

మా అమ్మ చేతిరాతలో మాకు మిగిలింది ఒకే ఒక్క కాగితం. పలచని ఎయిర్‌మెయిల్ కాగితం మీద, సిరా పెన్నుతో, ఆవకాయ ఎలా పెట్టాలో ఏడు వరసల్లో రాసింది. చివర నాకో చురక. "పెద్దదానికి ఉప్పు సంగతి తెలీదు, చిన్నదాన్ని వేయమను." అమ్మ పోయి ఎనిమిదేళ్ళయినా ఆ వరస చదివితే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్నీమధ్య మా పిల్లలూ, చెల్లి పిల్లలూ తలో కాపీ కావాలన్నారు. తెలుగు చదవడం ఒక్కరికీ రాదు, అయినా అమ్మమ్మ రాత గోడకి పెట్టుకుంటారట. వేరే ఊళ్ళో, బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉండే మా చెల్లి ఫోన్లో ఫోటో తీసి ప్రింట్ కొట్టిద్దామంది. నాకు నచ్చలేదు. ఇక్కడ, మలాయ్ దేశపు జార్జ్ టౌన్‌లో, మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక చీనా ముసలాయన ఉన్నాడు. వాళ్ళ గుళ్ళో కాల్చే పూజ కాగితాలకి చెక్క అచ్చులు చెక్కుతాడు. మిషన్లు పుట్టకముందు చీనాలో పుస్తకాలు ఇలాగే అచ్చేసేవారు, వెయ్యేళ్ళ పైమాటే. ఆ పద్ధతిలో వేయిస్తే ఎంత బాగుంటుంది!

వెళ్ళి కాగితం ఆయన చేతిలో పెట్టినాను. వెలుతురుకి ఎత్తి చూసి, "పలచగా ఉంది, బాగా పనికొస్తుంది. ఇదే అంటించెయ్యనా?" అన్నాడు మలాయ్ భాషలో. నేను కారు అడ్డంగా పెట్టి వచ్చినాను, బయట ఎవడో ఒకటే హారన్. "ఆ, ఇదే లా," అని, ఇక్కడ అందరం మాట చివర అనే ఆ 'లా' తగిలించి పరిగెత్తినాను. జెరాక్స్ కొట్టులో ఇచ్చినట్టే ఇచ్చినాను మరి. పనయ్యాక అసలుది చేతికొస్తుందనుకున్నాను.

రెండు వారాల తరవాత వెళ్ళి, "అంకుల్, నా కాగితం ఏది?" అన్నాను. ఆయన చెక్క చూపించినాడు.

అప్పుడు తెలిసింది. రాత ఉన్న వైపు చెక్కకి అంటించి, వెనకనించి తడివేలితో కాగితాన్ని రుద్ది రుద్ది తీసేస్తారు. సిరా మాత్రం తిరగబడి చెక్క మీద ఉండిపోతుంది. దాని చుట్టూ ఉన్న చెక్కంతా కత్తితో తవ్వేస్తే రాత పైకి తేలుతుంది. కాగితం చెత్తలోకి పోతుంది.

"ఎంత పని చేసినావయ్యా! అది మా అమ్మది!" అని కేకలేసినాను, తెలుగులోనే. ఆయనకేం తెలుస్తుంది పాపం. చెల్లికి ఫోన్ చేస్తే అదీ అరిచింది. "నీకు మతి ఉందా అక్కా? ఆయన అడిగినాడు, నువ్వు ఊ అన్నావు. ఇప్పుడు తిడితే ఏటి లాభం?" నిజమే, తప్పు నాదే. అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చినాను.

ముసలాయన కాఫీ తెప్పించినాడు. కాసేపయ్యాక చెక్క నా ఒళ్ళో పెట్టినాడు. ఆయనకి తెలుగు ఒక్క అక్షరం తెలీదు. అయినా అమ్మ కొట్టేసిన మాటనీ, దీర్ఘం దగ్గర పెన్ను ఒత్తి పట్టిన చోటునీ ఉన్నదున్నట్టు చెక్కినాడు. అక్షరాల నెత్తిన అమ్మ సిరా ఇంకా ఉంది, నీలంగా. "నల్లసిరా పూస్తే ఇది కనబడదు," అన్నాడు. "పూయనా, ఒద్దా? నువ్వే చెప్పు."

పూయకపోతే ఆ కాస్త నీలం నాకు మిగుల్తుంది. కానీ తిరగబడిన రాత ఎవరికి పనికొస్తుంది? చాలాసేపు ఆలోచించి, "పూసెయ్ అంకుల్," అన్నాను. కళ్ళు మూసుకుందామనుకున్నాను గానీ మూసుకోలేదు. బ్రష్షు రెండుసార్లు ఆడేసరికి నీలం పోయింది.

ఆయన కొత్త కాగితం పరిచి, వెనకనించి రుద్ది, ఒక మూల పట్టుకుని మెల్లగా లేపి నా ముందు పెట్టినాడు. నేను చెయ్యి చాపితే మణికట్టు పట్టుకుని ఆపినాడు. "ముట్టుకోకు లా, ఇంకా తడి."

ఎనిమిదేళ్ళ తరవాత మా అమ్మ రాత తడిగా ఉంది. అది ఆరేదాకా నేను అక్కణ్ణించి కదల్లేదు.