పెద్దమ్మ దురద

ఆదోనిలో మా పెద్దమ్మ ఎవరినీ నమ్మేది కాదు. ఏది చేతికిచ్చినా ముందు వాసన చూసేది. ఎమ్మిగనూరు నుంచి తెచ్చుకున్న కోడలి మీద అనుమానం మరీ ఎక్కువ.

పెద్దమ్మకు క్యాన్సర్ వచ్చి, మందు ఎక్కించడం మొదలయ్యాక ఒళ్లంతా దురద పుట్టింది. "చీరలుతికే నీళ్లలో ఏందో కలుపుతాందప్పా మా కోడలు" అని నా చెవిలో చెప్పింది. డాక్టరుకు మాత్రం చెప్పలేదు. చెబితే మందు ఆపేస్తారని భయం.

తర్వాతిసారి కర్నూలు ఆసుపత్రిలో మందు ఎక్కుతుండగానే చేతుల నిండా దద్దుర్లు లేచాయి, ఆయాసం మొదలైంది. కోడలే పరుగెత్తి నర్సును పిలుచుకొచ్చింది. నర్సు మందు ఆపి, ఇంజెక్షన్ వేసింది. దురద ముందు నుంచే ఉందని కోడలు చెప్పగానే పెద్దమ్మను కసిరింది.

"ఇది మందుకు వచ్చిన దురద. ముందే సెప్పాల కదమ్మా!"

ఆయాసం తగ్గాక పెద్దమ్మ కోడలిని పిలిచింది.

"చేతులు కడుక్కొని రా. వీపున ఇంకా దురద పెడతాంది, గోకు" అని అటు తిరిగి పడుకుంది.