ఇత్తడి ఉండాల్సిన చోట

షెడ్డులో అందరూ అతన్ని తీగలన్న అంటారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చిన్న విమానాల్లో వైర్లు లాగడం, మీటర్లు బిగించడం అతని పని. ముప్ఫై నాలుగేళ్ళుగా అదొక్కటే పని. ఏ వైరు బిగించినా రెండు వేళ్ళతో పట్టుకుని ఒకసారి లాగి చూస్తాడు, చిన్నపిల్లల పాలపన్ను కదిపి చూసినట్టు. ఊడి రాకపోతే "ఉండు మరి" అని దానికే చెప్పి పక్క వైరు దగ్గరికి పోతాడు. మనుషులతో కంటే వైర్లతోనే ఎక్కువ మాట్లాడతాడని మేనేజరు ఎగతాళి చేస్తే, "అవి ఎదురు చెప్పవు సార్" అంటాడు.

భార్య పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. అక్క ఇంటి మేడ మీద గదిలో ఉంటాడు. ఆ గదిలో ఒక మంచం, ఒక టేబుల్ ఫ్యాను, కిటికీ గూట్లో సైజుల వారీగా పేర్చిన స్క్రూడ్రైవర్లు. రెండు పూటలా భోజనం మాత్రం కింద అక్క దగ్గరే. బావ పక్కన అతని పీట అతనికుంది.

బావ లారీల కాటా దగ్గర గుమస్తా. లోడు లారీని ఇనుప పలక మీదికి ఎక్కించి, బరువు చూసి, చీటీ రాసివ్వడం అతని ఉద్యోగం. కుడికాలు కొద్దిగా ఈడుస్తాడు. అంతకుముందు పైలట్. ఆ సంగతి కాటా దగ్గర ఒకరిద్దరికే తెలుసు. వాళ్ళు కూడా ఆ మాట ఎత్తరు.

పంతొమ్మిదేళ్ళ కిందట బావ ఒక చిన్న కంపెనీ విమానం నడుపుతూ ఒకరోజు తన తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. రెండు గంటల ప్రయాణం. కింద పొగమంచు, పైన మబ్బు. దారి చెప్పే రేడియో ఆ నెలంతా పాడై ఉంది. మిగిలింది కాంపస్ ఒక్కటే. చేరాల్సిన చోటికి చేరలేదు. పెట్రోలు అయిపోయింది. ఎండిపోయిన పొలంలో దించబోతే చక్రం గట్టుకి తగిలింది. విమానం కుడివైపుకి ఒరిగింది. కుడివైపు సీట్లో తమ్ముడున్నాడు.

విచారణకి వచ్చిన వాళ్ళు కాంపస్ ఊడదీసి బల్ల మీద పెట్టి చూశారు. ఉత్తరం ఉత్తరంగానే చూపించింది. దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్‌ని ప్రమాదానికి ముందు వారంలో బిగించింది తీగలన్నే. అంతా నిబంధన ప్రకారమే బిగించానని వాంగ్మూలం రాసిచ్చాడు. పైలట్ దిక్కు తప్పుగా చదివాడని తేల్చి వాళ్ళు లైసెన్సు తీసేసుకున్నారు. బావ తల్లి ఆ రోజు నుంచి పెద్దకొడుకుతో మాట్లాడలేదు. అదే ఇంట్లో, పక్క గదిలో పదహారేళ్ళు బతికి, మూడేళ్ళ కిందట పోయింది.

దెబ్బ ముక్కుకి, కుడి రెక్కకి తగిలింది కాబట్టి విమానాన్ని బాగుచేసి ఎవరో కొనుక్కున్నారు. ఆ తర్వాత ఇంకెవరో. రంగులు మారాయి. ఈ ఏడాది ఒక పళ్ళ డాక్టరు చేతికొచ్చింది. ఆయన దాన్ని షెడ్డుకి తెచ్చి, "గడియారాల్లాంటి ఆ పాత మీటర్లన్నీ పీకేయండి. రెండు పెద్ద తెరలు పెట్టండి, ఆటోపైలట్ పెట్టండి. నేను ఎక్కి కూర్చుంటే అదే తీసుకుపోవాలి" అన్నాడు.

"దించేది మాత్రం మీరే డాక్టరు గారూ" అన్నాడు తీగలన్న.

"పళ్ళు పీకేవాణ్ణి, దించడం ఎంతసేపు?"

తలుపు పక్కన రేకు మీద చెక్కిన నంబరు చూడగానే అది ఏ విమానమో తీగలన్నకి తెలిసిపోయింది. ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఏం లాభం అనుకున్నాడు. భోజనాల దగ్గర బావే అడిగాడు.

"ఏరా బామ్మర్దీ, ఏదో పెద్ద పని వచ్చిందటగా."

"ఒక పాత దానికి ఆటోపైలట్."

"మా కాటాకి కూడా ఒకటి పెట్టరాదూ. నేను పడుకుని జీతం తీసుకుంటా."

"ఇప్పుడు మాత్రం చేస్తున్నదేంటి?" అంది అక్క. బావ నవ్వాడు. ఏ విమానమని అడగలేదు.

పని ఆరు వారాలు పట్టింది. ముందు పాత ప్యానెల్ మొత్తం విప్పాడు. దాని వెనక మూడు తరాల వైర్లున్నాయి. కొత్త పరికరం పెట్టిన ప్రతివాడూ పాత దాని వైరు కత్తిరించి అక్కడే వదిలేశాడు. ఎటూ పోని వైర్లు, దేనికీ తగలని వైర్లు. ఒక్కొక్కటీ చివరి దాకా పట్టుకుపోయి బయటికి లాగాడు. గోనెసంచి నిండింది. "ఇంత బరువు మోసుకుంటూ ఎలా ఎగిరావే తల్లీ" అన్నాడు విమానంతో. తర్వాత కొత్త తెరలకి చట్రం కట్టాడు, తోకలోను రెక్కలోను ఆటోపైలట్ మోటార్లు బిగించాడు. దిక్కు పసిగట్టే చిన్న డబ్బాని రెక్క చివర, ఇంజనుకి దూరంగా పెట్టాలి. దాని దగ్గరలో ఇనుము ఉండకూడదు. స్క్రూలు కూడా ఇత్తడివే.

చుట్టుపక్కల ఇనుము ఎక్కడైనా దాగుందేమో చూడటానికి అతనికో పాత అలవాటుంది. అరచేతిలో పట్టేంత చిన్న కాంపస్ తీసుకుని, డాక్టరు స్టెతస్కోప్ పెట్టినట్టు అంగుళం అంగుళం జరుపుతూ పోతాడు. రెక్క చివర చూశాడు. బాగానే ఉంది. పనిలో పనిగా కాక్‌పిట్‌లో కూడా చూద్దామనుకున్నాడు. ఎన్ని తెరలు పెట్టినా ఆ పాత కాంపస్ అద్దం మధ్యలో ఉండి తీరాలి. కరెంటు పోయిన రోజు దిక్కు చెప్పేది అదొక్కటే. ఈ విమానం కాంపస్‌కి మతిమరుపని పాత యజమానులు నవ్వుకునేవారట. ఎవరి దగ్గర చూసినా వేరే పరికరాలున్నాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

బ్రాకెట్ దగ్గరికి రాగానే చేతిలోని ముల్లు గిర్రున తిరిగింది.

స్క్రూడ్రైవర్ తీసుకుని బ్రాకెట్ విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు స్క్రూలు. మూడు ఇత్తడివి. నాలుగోదాని తలకి నల్లరంగు పూసి ఉంది. విప్పి వెలుతురులో పెట్టి చూశాడు. ఇనుము. పొడవు స్క్రూని కత్తిరించి, చివర ఆకురాయితో అరగదీసి ఉంది, శనగబద్దలా నున్నగా. కత్తిరించిన స్క్రూని అలా నున్నగా చేసేవాడు ఆ షెడ్డులో ఒక్కడే ఉన్నాడు. వెనక వైర్లకి గుచ్చుకోకూడదని.

అప్పుడు గుర్తొచ్చింది. ఆనాడు బిగిస్తుంటే ఇత్తడి స్క్రూ చేజారి విమానం కడుపులోకి పడిపోయింది. స్టోరులో ఆ సైజు లేదు. ఈ ఒక్క రోజుకి ఇది ఉండనీ, రేపు వచ్చాక మారుద్దాం అనుకున్నాడు. మర్నాడు పొద్దున్నే వేరే చోటికి పని మీద పంపారు. మొనకి అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్ అప్పుడే కొత్తగా కొనుక్కున్నాడు. స్క్రూ జారకుండా పట్టుకుంటుందని అందరికీ చూపించుకుని మురిసిపోయాడు. దాంతో బిగిస్తే ఆ ఇనుము కూడా అయస్కాంతమైపోతుంది. వాంగ్మూలం రాసేటప్పుడు అబద్ధమాడలేదు. ఎప్పుడూ ఇత్తడే పెడతాను, అప్పుడూ ఇత్తడే పెట్టి ఉంటాను అనుకున్నాడు. చేతికి అలవాటైన పనిని బుర్ర మళ్ళీ అడగలేదు.

మైదానంలో ఉత్తరం చూపిస్తూ గీసిన తెల్లగీత ఉంది. విమానాన్ని దాని మీదికి నెట్టించి, స్క్రూని మళ్ళీ పెట్టి చూశాడు. ఇరవై రెండు డిగ్రీల తేడా. తీసేసి చూశాడు. రెండు.

అది మంగళవారం. స్క్రూని చొక్కా జేబులో వేసుకున్నాడు. చెబితే లైసెన్సు పోతుంది, పోనీ. అక్క ఇంట్లో ఆ పీట పోతుంది. చెప్పకపోతే బావ తమ్ముణ్ణి చంపుకున్నవాడిగానే పోతాడు. ఎనిమిది రోజులు రోజూ మేడ దిగేటప్పుడు ఇవాళ చెప్పేస్తాననుకున్నాడు. ఎనిమిది రోజులు తిని చెయ్యి కడుక్కుని పైకి వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజు పొద్దున బావ వరండాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు.

"బావా, ఒక మాట."

"చెప్పు. తెగిందంటే మాత్రం పూచీ నీదే."

అద్దం కింది గూట్లో స్క్రూ పెట్టాడు. "ఇది నువ్వు పొలంలో దించిన విమానంలోది. ఇప్పుడు మా షెడ్డులో ఉన్నది అదే. కాంపస్ బ్రాకెట్‌కి ఇత్తడి పెట్టాల్సిన చోట నేను ఇనుము పెట్టాను. కాంపస్ నీకు తప్పు చెప్పింది బావా. నువ్వు తప్పు చదవలేదు."

బావ బ్లేడు ఆపలేదు. ఒక చెంప పూర్తిచేశాడు.

"ఎంత?"

"ఇరవై రెండు."

"గంటకి నలభై మైళ్ళు పక్కకి" అన్నాడు బావ వెంటనే. పంతొమ్మిదేళ్ళు లారీల బరువులు రాసిన మనిషి ఆ లెక్క వేళ్ళ మీద కూడా వేయలేదు. రెండో చెంప నురగతోనే తుడిచేసుకుని, చొక్కా వేసుకుని, కాటాకి వెళ్ళిపోయాడు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "ఎప్పుడు దొరికింది?"

"పోయిన వారం, మంగళవారం."

"పదహారు పూటలు తిన్నావు నా చేతి కూడు" అంది. గొంతు పెంచలేదు. "మా అత్తయ్య ఈయన చేతి నీళ్ళు తాగకుండా పోయింది, తెలుసా? ఆఖరి రోజు ఈయన చెంచా పట్టుకుని వస్తే పెదాలు బిగించుకుంది. నేను తీసుకుని పోస్తే తాగింది. నువ్వు అదే గదిలో కిటికీ దగ్గర నిలబడ్డావు."

"అప్పటికి నాకు తెలీదక్కా."

"ఆవిడకీ తెలీదు. అందుకే అలా పోయింది." లోపలికి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. ఆ మధ్యాహ్నం అన్నానికి పిలవలేదు. ఆ తర్వాత కూడా పిలవలేదు.

అతను అదే రోజు మేనేజరుకి, విమానాల ఆఫీసుకి రాసిచ్చాడు. మేనేజరు కాగితం రెండుసార్లు చదివాడు. "ఎవరడిగారయ్యా నిన్ను? ఇత్తడిది పెట్టేసి ఊరుకుంటే పోయేది" అన్నాడు. తర్వాత, "సరే, ఉన్న పని పూర్తిచెయ్యి. సంతకం వేరేవాళ్ళ చేత పెట్టిస్తాను" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం షెడ్డు గేటు దగ్గర బావ కనిపించాడు. కాటా యూనిఫాంలోనే ఉన్నాడు. ఎవరినీ ఏమీ అడక్కుండా కాలీడ్చుకుంటూ సరిగ్గా ఆ విమానం దగ్గరికే వచ్చాడు. రంగులు ఎన్ని మారినా గుర్తుపట్టాడు. ఎడమ సీట్లో ఎక్కి కూర్చున్నాడు. వెనక సీట్లు ఇంకా బిగించలేదు. వేరే దారి లేక తీగలన్న కుడి సీట్లో కూర్చున్నాడు.

తెరలు వెలుగుతున్నాయి. బావ వాటి వంక చూడలేదు.

"ఇప్పుడేం చేస్తున్నారు?" అన్నాడు.

ఎప్పుడూ ఏరా అనే మనిషి. తీగలన్న చెప్పాడు. "ఆఖరి పరీక్ష. ఆటోపైలట్ పట్టుకుని ఉన్నప్పుడు మనిషి బలంగా తిప్పితే అది లొంగాలి. లోపల క్లచ్ జారాలి. లేకపోతే అది తప్పుదారి పట్టిన రోజు మనిషి ఏం చెయ్యలేడు."

"పెట్టండి."

తీగలన్న బటన్ నొక్కాడు. బావ ముందున్న కంట్రోలు పిడి దానంతటదే కొద్దిగా కదిలి బిగిసింది. బావ రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎడమకి తిప్పాడు. రాలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. మెడ నరాలు లేచాయి. అప్పుడు లోపల గరగరమని క్లచ్ జారి పిడి తిరిగింది. బావ దాన్ని వదల్లేదు.

"మా వాడు చెప్పాడు" అన్నాడు. "ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చుని చెప్పాడు. మంచు పలచబడ్డచోట కిందికి చూసి, అన్నా, ఏరు కుడివైపు ఉండాలన్నావు, ఎడమవైపుందేంటి అన్నాడు."

తీగలన్న చెయ్యి చాపి ఆటోపైలట్ ఆపాడు.

"నేనూ చూశాను. అది మన ఏరే. వంపు కూడా తెలుసు నాకు. కాంపస్ చూశాను, ఏరు చూశాను. అది వేరే ఏరురా అన్నాను. కాంపస్ బిగించింది మా బామ్మర్ది, వాడి పనికి తిరుగులేదు అన్నాను. ఇంకో రెండుసార్లు అడిగాడు. నోర్మూసుకుని కూర్చోమన్నాను. అదే వాడితో నా ఆఖరి మాట."

"బావా, అది నా తప్పు. నేను రాసిచ్చాను."

"మీది మీరు రాసిచ్చారు. నాది ఎవరికి రాసివ్వాలి?"

చేతులు పిడి మీద నుంచి తీయడానికి అతనికి చాలాసేపు పట్టింది. దిగేటప్పుడు కుడికాలు మెట్టుకి అందకపోతే తీగలన్న చెయ్యి అందించాడు. బావ తలుపు చట్రం పట్టుకుని దిగాడు.

నెల తర్వాత ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. తీగలన్న లైసెన్సు రద్దు. పాత కేసు తిరగదోడి, పైలట్ పేరు మీది తప్పు తీసేయాలంటే పైలట్ స్వయంగా అర్జీ మీద సంతకం పెట్టాలి. అర్జీ కాగితం కూడా జతచేసి పంపారు. పళ్ళ డాక్టరు విమానం వేరేవాళ్ళ సంతకంతో ఎగిరిపోయింది. తీగలన్న ఇప్పుడు మేడ మీదే స్టవ్ పెట్టుకున్నాడు. చుట్టుపక్కల వాళ్ళ మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తూ ఉంటాడు.

ఆ అర్జీ కాగితం అక్క ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. బావ ఇంకా సంతకం పెట్టలేదు. అక్క రోజూ దాన్ని ఎత్తి, కింద దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది.