రెండువందల యాభై ఓమ్‌ల హెడ్‌ఫోను

చెప్పుకుంటే గొప్పలంటారు, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అందుకని చెప్పేస్తున్నాను. ఈ పేటలో మోటార్ల వైండింగ్ పని నేర్చిన తొలి ఆడపిల్ల మా తమ్ముడి కూతురు. చేరిన మూడేళ్లకే త్రీ ఫేజ్ మోటారుకు ఒంటరిగా తీగ చుట్టి నిలబెట్టింది. ఏ పంపుకు ఎన్ని చుట్లో పుస్తకం తెరవకుండా చెబుతుంది. ఒకసారి యజమాని చెప్పిన లెక్కే తప్పని వాదించి, విప్పి చూపించి గెలిచింది. అప్పటి నుంచి షాపులో అందరూ ఆమెను లెక్కలతల్లి అంటారు. మా ఇంటిల్లిపాదిలో నేను చదివిన ఆరో తరగతే పెద్ద చదువనుకుంటూ ఉండేవాణ్ణి. ఆ మాట ఎత్తడం మానేశాను.

లోపమంటే ఒక్కటే, నోరు కాస్త కరుకు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఏదో అడగబోతే వాళ్ళ ఇంటి ఫ్యాను ఎందుకు తిరగడం లేదో చెప్పి పంపించింది.

షాపు నుంచి రాగానే చేతులకంటిన వార్నిష్ కడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. తుపాకుల ఆట. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. గోడ వెనక ఉన్నవాడు కనబడడు, వాడి అడుగుల చప్పుడే ఆనవాలు. ఊళ్ళో పేరున్న జట్టులో ఒక చోటు ఖాళీ అయితే ఈమె వెళ్ళి అడిగింది. జట్టు నాయకుడు మందుల షాపులో పనిచేస్తాడు. రెండు ఆటలు చూసి మొహమాటం లేకుండా చెప్పాడు.

"అక్కా, గురి బ్రహ్మాండం. కానీ వెనకనుంచి ఎవడొచ్చినా చచ్చాకే తిరుగుతున్నావ్. ఆదివారం ఇంకొక్క ఆట చూస్తా. అప్పుడూ ఇంతే అయితే ఇంకొకళ్ళని తీసుకుంటా, ఏమనుకోకు."

ఆ రోజు అన్నం సరిగా తినలేదు. "పెదనాన్నా, షాపులో సుత్తి మోతకి నా చెవులు పోయాయా?" అని అడిగింది. ఆ పిల్ల నన్ను అలా బేలగా అడగడం అదే మొదలు. చెవులే పోతే ఆట సంగతి అటుంచి, మోటారు మూలుగు విని రోగం చెప్పే పనికే ఎసరు.

"ఆ వంటింట్లో మీ అమ్మ నిన్ను ఏమని తిడుతోందో చెప్పు" అన్నాను.

చెవి రిక్కించి మూడు తిట్లూ వరసగా ఒప్పజెప్పింది. చెవులు భేషుగ్గా ఉన్నాయి.

అప్పుడు ఆమె అనుమానం హెడ్‌ఫోను మీదికి పోయింది. మూతపడ్డ రికార్డింగ్ గదిలో సామాను అమ్మేస్తుంటే కొన్నది అది. లాప్‌టాప్‌లో సౌండు మొత్తం పెంచినా నూతిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. ఇంకొకరైతే పారేసి కొత్తది కొనేవారు. ఆమె షాపు నుంచి మీటరు తెచ్చి, పిన్నుకు ఆనించి చూసింది. ముల్లు రెండువందల యాభై ఓమ్‌ల దగ్గర ఆగింది. నవ్వేసింది.

"సన్నతీగ పెదనాన్నా, చుట్లు ఎక్కువ. దీన్ని కదిలించాలంటే గట్టి వోల్టేజి కావాలి. లాప్‌టాప్‌కి అంత తోపు లేదు. మధ్యలో ఒక ఆంప్లిఫయర్ పెట్టాలి."

ఆ మాట మా తమ్ముడి చెవిన పడింది. వాడు సభలకూ మీటింగులకూ మైకుసెట్లు అద్దెకిస్తాడు. "ఆంప్లిఫయరా! ఇంట్లో నాలుగున్నాయి కదే! ఊరంతటికీ వినపడేది నీ రెండు చెవులకి వినపడదా?"

"వినపడుతుంది నాన్నా, ఒక్కసారి. తర్వాత జన్మలో ఏదీ వినపడదు."

శనివారం ముగ్గురం బజార్లో సౌండు సామాన్ల షాపుకు వెళ్ళాం. లాప్‌టాప్, దాని చార్జరు, హెడ్‌ఫోను అన్నీ సంచిలో వేసుకొచ్చింది. షాపాయన మూడు డబ్బాలు దించాడు. మా తమ్ముడు ఒక్కొక్కటీ చేత్తో తూచి, ఇటుకంత ఉన్నదాన్ని ముందుకు నెట్టాడు. "ఇది తీసుకో అమ్మడూ. బరువుంటేనే సరుకు."

"వెయ్యి మిల్లీవాట్లమ్మా, ముప్పైరెండు ఓమ్‌లకి!" అన్నాడు షాపాయన.

"నా దగ్గర ముప్పైరెండు లేదండీ. రెండొందల యాభై. దానికెన్ని మిల్లీవాట్లు?"

ఆయన అట్ట అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు. ఆమె హెడ్‌ఫోను తగిలించి, ఏ పాటా పెట్టకుండా, సౌండు మీట మొత్తం తిప్పి కళ్ళు మూసుకుంది.

"పాట పెట్టుకో అమ్మా" అన్నాడాయన.

"పాట వింటే మోసపోతామండీ. ఊరకున్నప్పుడు మూలిగే మోటారు పనిలో పెడితే కాలిపోతుంది. దీని మూలుగే వింటున్నా."

ఇటుకంతది ఏటి హోరులా హోరెత్తింది. పైన పటారం, లోన లొటారం. రంగుల దీపాలున్న రెండోది బాగానే ఉందనిపించింది గానీ, లాప్‌టాప్‌కు చార్జరు గుచ్చగానే కీచుమంది. మూడోది అగ్గిపెట్టెలు రెండు పేర్చినంత, నల్లటిది. దాని అట్ట మీద మూడువందల ఓమ్‌లకు ఎంతిస్తుందో కూడా రాసి ఉంది. చార్జరు గుచ్చినా కిక్కురుమనలేదు. అడుగుల చప్పుడు పెట్టి చూస్తే సగం మీటకే చాలంది. ధర చూస్తే మూడింటిలోకీ తక్కువ.

"దీనికి లైట్లు లేవని ఎవరూ అడగరమ్మా" అన్నాడు షాపాయన.

"లైట్లు చెవిలో పెట్టుకుంటామా ఏంటి?"

మా తమ్ముడు ఆ డబ్బాను అరచేతిలో ఎగరేసి చూసి, "ఇదేం సరుకురా, గాలికి పోయేట్టుంది" అని గొణిగాడు గానీ సంచి మాత్రం వాడే పట్టుకున్నాడు.

ఆదివారం ఉదయం ఆమె వెనక స్టూలు మీద కూర్చున్నాను. ఆట చివరి రౌండుకు వచ్చింది. ఈమె జట్టులో ఈమె ఒక్కతే మిగిలింది, అటు ఇద్దరున్నారు. తెరమీద ఖాళీ వరండా తప్ప నాకేమీ కనబడలేదు. ఉన్నట్టుండి ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. పొరపాటు పడిందనుకున్నాను. ఒక్క క్షణం గడిచాక ఆ గోడ మలుపులోంచి వాడు తలపెట్టాడు. పెట్టడమే ఆలస్యం, కూలిపోయాడు. రెండోవాణ్ణి మెట్ల మీదే పట్టేసింది.

ఫోను మోగింది. నాయకుడు. "అక్కా, వాడొస్తున్నాడని ముందే ఎట్లా తెలిసింది?"

"వాడే చెప్పాడు, నడుచుకుంటూ."

"సరే, చోటు నీదే. రోజూ ఆరింటికి ప్రాక్టీసు."

"నా షాపు ఏడింటిదాకా. ఏడున్నరకైతే వస్తా."

నోటిదాకా వచ్చిన ముద్ద, ఈ కరుకు నోటివల్లే జారేట్టుందనుకున్నాను.

"ఏడున్నరే పెట్టుకుందాంలే అక్కా" అన్నాడతను.

ఆ జట్టు ఇప్పటికీ ఏడున్నరకే కూర్చుంటుంది.