రెస్ట్ ఏరియాలో గొంగళిపురుగు

మా ఐదేళ్ల నిత్య అరచేతిలో బొచ్చు గొంగళిపురుగు కనిపించగానే పరుగున వెళ్లాను. అక్టోబరులో పిల్లలిద్దరితో షామ్‌బర్గ్ నుంచి మా ఊరు ట్రాయ్‌కి కార్లో తిరిగొస్తూ హైవే పక్క రెస్ట్ ఏరియాలో ఆగాం. పురుగును పాప చేతిలో పెట్టింది పక్క బల్ల దగ్గరి అమెరికన్ పెద్దావిడ. దాన్ని దులిపేసి, దురద రాకుండా మా అమ్మమ్మ చేసినట్టే పాప చేతిని నా జడకేసి గట్టిగా రుద్దాను.

“కంగారుపడకు హనీ, అది ఏమీ చెయ్యదు. నడుమున గోధుమరంగు పట్టీ వెడల్పుగా ఉందిగా, ఈసారి చలి తక్కువే,” అందావిడ, వాతావరణ వార్తలు చదువుతున్నంత ధీమాగా. ఆ పట్టీ ఎంత వెడల్పుంటే చలికాలం అంత తేలిగ్గా గడుస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. వసంతంలో అదే పసుపు రెక్కల పురుగవుతుందట.

“మమ్మీ, బగ్ ఏం చెయ్యలేదు. నువ్వు రుద్దితే హర్ట్ అవుతోంది,” అంది నిత్య.

రాత్రికి ఆ చేతి మీద నా జడ ఒరిపిడి ఎరుపు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఉదయం నిత్యకూ వాళ్ల అన్నకూ చెప్పాను: “అలాంటిది మళ్లీ కనిపిస్తే పట్టుకోండి. నాకు మాత్రం చూపించకండి.”